బడిలో డాక్టర్లు ‘గుండెలో మర్మర్’ అని చీటీ రాసిచ్చారు, బాబు బాగానే ఉన్నాడు. వెళ్లాలా?

వెళ్లాలండీ. ఈ నెల దాటనివ్వకండి. అలాగని ఆ చీటీ పట్టుకుని ఇంట్లో అందరూ నిద్ర మానుకోవాల్సిన పనీ లేదు. ఈ రెండూ ఎందుకంటున్నానో కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పెద్దబాబు జడ్పీ హైస్కూల్లో ఆరో తరగతి. మొన్న ఆర్‌బీఎస్‌కే అనే, పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం బండి వచ్చినప్పుడు డాక్టరమ్మ గుండె విని, ‘మర్మర్, డీఈఐసీకి రిఫర్’ అని, అంటే జిల్లా ఆసుపత్రిలోని పిల్లల కేంద్రానికి వెళ్లమని రాసిచ్చింది. బాబు కబడ్డీ ఆడతాడు, ఆయాసం లేదు. పుట్టినప్పుడు ఆసుపత్రిలో అంతా బాగుందన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ‘ఇంత హుషారుగా ఉన్నవాడికి గుండె జబ్బేంటి, వదిలెయ్యండి’ అన్నారు. చిన్నబాబు ప్రైవేటు బడిలో రెండో తరగతి, వాడిని ఇంతవరకు ఎవరూ చూడలేదు, వాడి సంగతేంటని కూడా అడిగారు.

నేను ఆ బండిలో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి. ఉమ్మడి నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీలు, బడులు, హాస్టళ్లు. చదివింది హోమియో, గుండె డాక్టర్ని కాను. ఆ బండిలో ఉండేవాళ్లు చాలావరకు మాలాంటి ఆయుష్ డాక్టర్లే. పద్ధతి ప్రకారం ఒక మగ డాక్టరు, ఒక ఆడ డాక్టరు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు. మా పని జబ్బుకి పేరు పెట్టడం కాదు, జల్లెడ పట్టడం. జల్లెడలో మిగిలిందంతా రాయి కాదు, కిందికి జారిందంతా పిండీ కాదు. ఈ మాట గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మర్మర్ అంటే గుండె కొట్టుకునే లబ్‌కీ డబ్‌కీ మధ్య వినిపించే సుయ్‌మనే చప్పుడు. కాలువలో నీళ్లు మామూలుగా పారితే చప్పుడుండదు, తూము దగ్గర ఇరుకైతే వినిపిస్తుంది కదా, అలాంటిదే. కాకపోతే పిల్లల్లో ఏ ఇరుకూ లేకుండానే ఈ చప్పుడు రావచ్చు. ఛాతీ పలుచగా ఉంటుంది, రక్తం వేగంగా పారుతుంది. అన్నివిధాలా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వినిపిస్తుంది. జ్వరం ఉన్నా, రక్తం తక్కువున్నా ఇంకా గట్టిగా వినిపిస్తుంది. దీన్ని హాని లేని మర్మర్ అంటారు, దానికి మందు అక్కర్లేదు. మీ బాబుది అదే కావడానికి అవకాశం ఎక్కువ.

మరి ఎందుకు వెళ్లమంటున్నానంటే, ఆ మాట తేల్చి చెప్పడం బడిలో కుదరదు కాబట్టి. ఒక బడిలో రోజుకి వందమంది దాకా పిల్లలు. పక్క క్లాసులో ఎక్కాలు, బయట బెల్లు, నెత్తిమీద ఫ్యాను. నేనైతే హెడ్మాస్టరు గారిని బతిమాలి పుస్తకాల స్టోర్‌రూము అడిగేవాణ్ణి. ఫ్యాను ఆపించి, అనుమానం వచ్చిన పిల్లాణ్ణి ముందు బల్లమీద పడుకోబెట్టి వినేవాణ్ణి, తర్వాత కూర్చోబెట్టి, చివరికి నిలబెట్టి. పడుకున్నప్పుడు గట్టిగా ఉండి లేచేసరికి తగ్గిపోతే సాధారణంగా అది హాని లేనిది. నిలబడేసరికి పెరిగితే మాత్రం నా చెమట నాకే తెలిసేది. గుండె కండరం మందమయ్యే జబ్బులో అలా పెరుగుతుంది. ఆటల మధ్యలో కుప్పకూలిపోయే కుర్రాళ్ల వెనుక ఉండే కారణాల్లో అదొకటి. ఎంత జాగ్రత్తగా విన్నా చెవి చెవే. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే గోడలు, కవాటాలు, రక్తం ఎటు పారుతోందో కంటికి కనిపిస్తుంది.

‘పుట్టినప్పుడు బాగుందన్నారు కదా’ అన్నది చాలామంది అడిగేదే. ఆ డాక్టరు తప్పు చెప్పారని కాదు. పుట్టిన రోజు బిడ్డ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. గుండె గదుల మధ్య రంధ్రం ఉన్నా అటూ ఇటూ ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి రక్తం జోరుగా పారదు, చప్పుడూ ఉండదు. కొన్ని వారాలకి ఊపిరితిత్తుల ఒత్తిడి దిగాక చప్పుడు మొదలవుతుంది. అప్పటికి మనం ఇంటికొచ్చేసి ఉంటాం. పై గదుల మధ్య రంధ్రమైతే పెద్దయ్యేదాకా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండిపోవచ్చు. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని, దాని కవాటానికి మూడు రేకులు ఉండాల్సింది రెండే ఉండటం ఇంకొకటి. వందమందిలో ఒకరికో ఇద్దరికో ఉంటుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో బాగా ఎక్కువ. చిన్నప్పుడు వీళ్లలో చాలామందికి ఏమీ తెలియదు. బృహద్ధమని ఒకచోట సన్నబడి పుట్టడం కూడా మగపిల్లల్లోనే ఎక్కువ. అందుకే అక్కడి డాక్టరు గారిని చేతికీ కాలికీ రెండింటికీ బీపీ చూడమని అడగండి. ఈ జబ్బులో చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ వస్తుంది.

ఇవన్నీ పుట్టుకతో వచ్చేవి. తర్వాత తెచ్చుకునేది ఒకటుంది, దాన్ని తలుచుకుంటేనే నాకు బాధ. గొంతు నొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవితో వచ్చిన గొంతునొప్పికి సరిగ్గా మందు పడకపోతే, కొంతమంది పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. మోకాలు వాస్తుంది, అది తగ్గి చీలమండ వాస్తుంది, తర్వాత మోచెయ్యి. ఇంట్లో ‘ఎదుగుదల నొప్పులు’ అనుకుంటారు. కీళ్లు వాటంతటవే బాగవుతాయి, కానీ ఈలోపు గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. అయిదు నుంచి పదిహేనేళ్ల వయసులోనే ఇది ఎక్కువ. అంటే సరిగ్గా మీ బాబు వయసు. ఆ దశలో పట్టుకుంటే ఇరవయ్యొక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్లపాటు తీసుకుంటూ కవాటాన్ని కాపాడుకోవచ్చు. వదిలేస్తే ముప్పై ఏళ్లకే కవాటం మార్పించుకోవాల్సి రావచ్చు. కాబట్టి ఈ ఏడాది రెండేళ్లలో వాడికి గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపు వచ్చిందా, బాబునీ వాళ్లమ్మనీ అడిగి గుర్తు తెచ్చుకోండి. అక్కడ డాక్టరుకి ఆ ఒక్క మాట చెప్తే సగం పని అయిపోతుంది.

కబడ్డీ సంగతి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయాడా? గుండె పట్టేసినట్టు ఉందన్నాడా? మీ వైపు గానీ వాళ్లమ్మ వైపు గానీ నలభై లోపు వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆటలు ఈరోజే ఆపించి, రేపే వెళ్లండి. ఏదీ లేకపోతే రోజూ ఆడుకునే ఆటలు మాన్పించక్కర్లేదు. పిల్లాణ్ణి రోగిని చేసి మూల కూర్చోబెట్టొద్దు. మండల స్థాయి పోటీలు మాత్రం ఎకో అయ్యాకే. పీఈటీ సారుకి చీటీ చూపించండి, వాళ్లు అర్థం చేసుకుంటారు.

డీఈఐసీ అంటే జిల్లా పెద్దాసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో పిల్లల కోసమే పెట్టిన కేంద్రం. బడి నుంచి రిఫర్ చేసిన పిల్లలందరూ ముందు అక్కడికే వెళ్తారు. ఎకో అక్కడ లేకపోతే ఎక్కడ ఉందో వాళ్లే రాసిస్తారు. దేనికీ డబ్బులు కట్టాల్సిన పని లేదు. ఆపరేషన్ దాకా వెళ్లినా తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ వాళ్లు 2021లో పిల్లల గుండె కోసమే శ్రీ పద్మావతి ఆసుపత్రి తెరిచారు. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా చేస్తున్నారు. ఇప్పుడు చాలా రంధ్రాలకు ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి చిన్న గొట్టం పంపి మూసేస్తున్నారు. ఇదంతా మీ బాబుకి కావాలని కాదు. ‘గుండె అంటే లక్షలు, మన వల్ల కాదు’ అని చీటీ మడిచి బీరువాలో పెట్టిన తండ్రుల్ని చూశాను, అందుకని చెప్తున్నాను.

నిజానికి మా పని ఓడిపోయేది బడిలో కాదు, బడికీ ఆసుపత్రికీ మధ్య. ఒక హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లాడికి మర్మర్ అని రాసిచ్చాను. మరుసటి ఏడాది అదే హాస్టల్‌కి వెళ్తే వాడు నన్ను గుర్తుపట్టి నవ్వాడు. చెవికి స్టెతస్కోపు పెట్టుకున్నాను, అదే చప్పుడు, ఇంకొంచెం గట్టిగా. ‘వెళ్లావా?’ అంటే, ‘నాన్న పత్తి ఏరివేత అయ్యాక పోదామన్నాడు సార్’ అన్నాడు. నేను రాసిచ్చిన చీటీ వాడి ట్రంకు పెట్టెలో, లెక్కల నోటుబుక్కులో, మడతల దగ్గర చిరిగి ఉంది. ఆ సాయంత్రం వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, బండిలోనే నేను తీసుకెళ్తానని చెప్పి తీసుకెళ్లాను. కవాటం అప్పటికే లీకవుతోంది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఆ ఏడాది పోకుండా ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటుంటాను. మగపిల్లాడు, ఆడుతున్నాడు, తింటున్నాడు, ఇంకేం కావాలన్న ధీమా ఉంది చూశారూ, అదే నాకు భయం.

ఇక మీ చిన్నబాబు. 2013లో మొదలైన ఈ ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు, ఎయిడెడ్ బడులకు ఏడాదికి ఒకసారి బండి వెళ్లాలి. ప్రైవేటు బడులు ఇందులో లేవు. ఫీజు కట్టి చదివిస్తున్నాం కాబట్టి అన్నీ వాళ్లే చూస్తారని తల్లిదండ్రులు అనుకుంటారు, ఎవరూ చూడరు. మీ ఇంట్లో సర్కారు బడి పిల్లాడికి దొరికిన లాభం ప్రైవేటు బడి పిల్లాడికి దొరకలేదు. ఏడాదికోసారి మీరే పిల్లల డాక్టరు దగ్గరికి, జబ్బు లేనప్పుడు, తీసుకెళ్లండి. బరువు, ఎత్తు, బీపీ, గుండె, కళ్లు, చెవులు, పళ్లు చూడమనండి.

ఇంట్లో మీరు చూడగలిగినవి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి నేను బడి వరండాలో నేర్చుకున్నాను. ఆ రోజు జల్లెడ అయిపోయింది, మధ్యాహ్న భోజనం పెట్టారు. పిల్లలు వరసగా కింద కూర్చుని తిని, పళ్లెం పట్టుకుని ఒక్క గంతులో లేచి పంపు దగ్గరికి పరిగెత్తుతున్నారు. ఒకటో తరగతి పిల్లాడొకడు మాత్రం పళ్లెం కింద పెట్టాడు. నాలుగు కాళ్ల మీద వంగాడు. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడ మీద, అలా తన ఒంటి మీద తనే ఎగబాకుతున్నట్టు లేచి నిలబడ్డాడు. తర్వాత వంగి పళ్లెం తీసుకున్నాడు. పిక్కలు మాత్రం పహిల్వాన్ పిక్కల్లా ఉన్నాయి. టీచరమ్మ ‘వాడు కొంచెం బద్ధకం సార్’ అంది. పొద్దున్న వరసలో నిలబెట్టి వాడి బరువు, ఎత్తు, గుండె అన్నీ చూసింది నేనే. బాగున్నాడనే రాశాను.

అది డుషేన్ అనే కండరాల జబ్బు. దాదాపు మగపిల్లలకే వస్తుంది, మూడున్నర వేల నుంచి అయిదు వేల మంది మగపిల్లల్లో ఒకరికి. సీకే అనే రక్తపరీక్ష చేస్తే వందల్లో ఉండాల్సింది వేలల్లో వస్తుంది, తర్వాత జన్యు పరీక్షతో తేలుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు, ఈ మాట దాచి ప్రయోజనం లేదు. కానీ సరైన వయసులో స్టెరాయిడ్ మందు, ఫిజియోథెరపీ మొదలుపెడితే నడక మరికొన్నేళ్లు నిలుస్తుంది, గుండెని, ఊపిరిని ముందునుంచే కనిపెట్టుకోవచ్చు. ఆ పిల్లాడి తల్లి అప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. ఆమెకి, ఆమె చెల్లెలికి ముందే సలహా ఇప్పించగలిగాం. మెట్లెక్కేటప్పుడు రెండు చేతులూ కావాల్సి రావడం, మునివేళ్ల మీద నడవడం, తోటిపిల్లలతో పరిగెత్తలేక ఊరికే పడిపోవడం, కింద నుంచి లేవడానికి తొడల మీద చేతులు వేసుకోవడం, ఇవి కనిపిస్తే ‘పెద్దయితే సర్దుకుంటుంది’ అనుకోవద్దు.

ఇక్కడ ఇంకో మాట. మనవాళ్లు మగపిల్లాణ్ణి చూసి ‘మేనమామ పోలిక’ అంటారు. కొన్ని జబ్బులకి ఆ మాట అక్షరాలా నిజం. డుషేన్, హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు), ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడం, ఈ మూడూ తల్లి ద్వారా కొడుకుకి వచ్చేవి. తల్లికి ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు, కానీ ఆమె అన్నదమ్ములకో, ఆమె తల్లి అన్నదమ్ములకో ఉండి ఉండొచ్చు. ఇంట్లో ముందెవరికీ లేకుండా కొత్తగా రావడమూ ఉంది. మేనరికం చేసుకోకపోయినా వస్తాయి. కాబట్టి తల్లి మీద నెపం వేయడానికి ఇందులో ఏమీ లేదు. మేనమామల సంగతి అడగడం డాక్టరుకి దారి చూపించడానికే. పన్ను పీకించుకుంటే రెండురోజులు నెత్తురు ఆగలేదని, చిన్న దెబ్బకే మోకాలు బుంగలా వాచిందని మీ బావమరుదుల్లో ఎవరి గురించైనా విని ఉంటే, పిల్లలిద్దరికీ రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాకే ఏ ఆపరేషనైనా, పన్ను పీకడమైనా.

రంగుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కుర్రాళ్ల గుండె కోసేది అదే. మా పెట్టెలో ఇషిహారా పుస్తకం ఉండేది కాదు. చుక్కల మధ్య అంకె కనిపెట్టే ఆ పరీక్ష 1917లో జపాన్ డాక్టరు తయారుచేసింది, ఇప్పటికీ అదే వాడతారు. మాకు తెలిసిన కుర్రాడొకడు రెండేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసై, మెడికల్‌లో ఆ పుస్తకం ముందు కూర్చున్న రోజు తెలుసుకున్నాడు తనకి రంగులు తెలియవని. ఇరవైరెండేళ్ల దాకా ఎవరూ అడగలేదు. మందు లేదు దీనికి. కానీ పదేళ్లప్పుడే తెలిస్తే సిగ్నల్ చూడాల్సిన ఉద్యోగం వైపు ఆశ పెట్టుకోకుండా ఇంకో దారి చూసుకునేవాడు. కంటి డాక్టరు దగ్గర అయిదు నిమిషాల పని. చిన్నబాబుకి ఇప్పుడే చేయించండి, పెద్దవాడికి కూడా.

కళ్ల దగ్గర ఇంకొకటి. ఒక కన్ను బాగుండి రెండోది మందగిస్తే పిల్లాడికే తెలియదు, బాగున్న కన్ను అంతా చూసేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటితే ఆ బద్ధకపు కన్నుకి చూపు తెప్పించడం కష్టమవుతూ పోతుంది. చిన్నబాబుకి ఆ గడువు దగ్గర్లోనే ఉంది. గోడ మీద వెంకట్రామా క్యాలెండర్ ఉంటే ఆరడుగులు వెనక్కి నిలబెట్టి, అరచేత్తో ఒక కన్ను మూయించి తారీఖులు చదివించండి, తర్వాత రెండో కన్ను. ఒక కంటితో గడగడా చదివి ఇంకో కంటికి తడబడితే ఆ వారమే కంటి డాక్టరు. చెవి కారుతుంటే వేడి నూనె పొయ్యకండి, ఈఎన్‌టీ దగ్గరికి. రక్తహీనత ఆడపిల్లల జబ్బని అనుకుంటాం గానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15-19 ఏళ్ల మగపిల్లల్లో కూడా నూటికి 31 మందికి ఉందని తేలింది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని పెద్దబాబు కిటికీలోంచి విసిరేస్తున్నాడేమో కనుక్కోండి. చాలామంది విసిరేస్తారు.

అడగడానికి మొహమాటపడేది ఒకటుంది, నేనే చెప్తాను. మగబిడ్డ పుట్టినప్పుడు వృషణాలు రెండూ కిందికి దిగాయా లేదా అన్నది టీకాల వయసులో, మీ ఒళ్లో ఉండగా పిల్లల డాక్టరు చూడాల్సిన విషయం. ఆరు నెలలు దాటాక అవి వాటంతటవే దిగడం అరుదు, ఏడాది, ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు. మీ పిల్లలకి ఎప్పుడూ చూడకపోతే మీరు వెంట ఉండి ఆసుపత్రిలో అడగండి. బడిలో ఇది చూసేది కాదు. బడి పరీక్ష అంటే చొక్కా గుండీలు విప్పి గుండె వినడం వరకే, అది కూడా టీచరు గానీ ఏఎన్‌ఎం గానీ పక్కన ఉండగా. అంతకుమించి ఎవరు అడిగినా ‘మా అమ్మానాన్న వచ్చాక’ అని చెప్పొచ్చని పిల్లలిద్దరికీ చెప్పి ఉంచండి. మా బండిలోవాళ్లకైనా ఇదే మాట.

వెళ్లే రోజు ఆ చీటీ, బాబు ఆధార్, రేషన్ కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు ఒక కవర్లో పెట్టుకోండి. వాళ్లమ్మ కూడా వస్తే మంచిది, చిన్నప్పటి సంగతులు ఆమెకే గుర్తుంటాయి. ఓపీ మధ్యాహ్నానికి మూసేస్తారు, పొద్దున్నే చేరుకోండి. ఎకో అంటే సూది ఉండదు, నొప్పి ఉండదు, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి చిన్న పరికరం తిప్పుతారని ముందే చెప్పండి, భయపడడు. పరగడుపున ఉండాల్సిన పని లేదు. వాడికి కడుపునిండా టిఫిన్ పెట్టే తీసుకెళ్లండి.